విజిల్ రెండుసార్లు

మార్చి 28

లాక్‌డౌన్‌తో రోడ్డు చచ్చిపోయింది. కిటికీ కింద కూడలిలో ఒక్క బండి లేదు.

మా మావయ్య ట్రాఫిక్ కానిస్టేబుల్‌గా ముప్పై ఏళ్ళు నిలబడ్డ కూడలి అది. ఆ పొగంతా మింగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. రిటైరయ్యాక అదే కూడలి పక్కన మూడో అంతస్తులో ఫ్లాట్ కొన్నాడు. వేరే చోటైతే నిద్ర పట్టదట. కిటికీ తెరిచి ఆ పొగ పీలిస్తే ఎక్కువ కాలం ఉండడని డాక్టర్ అన్నాడు. సందుల్లేకుండా టేపు అంటించింది నేనే.

ఇంట్లో ముగ్గురం. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని బ్యాంకు కస్టమర్ల చేత తిట్లు తింటాను. మా ఆయన పనిచేసే షోరూమ్ మూసేశారు. సోఫాలో పడి ఉంటాడు.

ఏప్రిల్ 9

కిటికీ గట్టు తుడిచిన గుడ్డ తెల్లగానే ఉంది. ఇదివరకు రోజూ మసిగుడ్డ అయిపోయేది. మావయ్యకు చూపించాను. వాసన చూసి, టేపు పీకెయ్యమన్నాడు. పీకేశాను. ఆయన గుండెల నిండా గాలి పీల్చుకోవడం నేనీ ఇంటికొచ్చాక చూడలేదు. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది.

ఏప్రిల్ 21

ఊపిరితో పాటు నోరూ లేచింది. ఇన్నాళ్ళూ రెండు మాటలకోసారి ఆయాసంతో ఆగేవాడు కాబట్టి బతికిపోయాను. నా వంట, నా నడక, మా పుట్టింటి వాళ్ళ పీనాసితనం, మాకు పిల్లలు లేకపోవడం. ఇన్నేళ్ళదీ ఒక్కసారే కక్కుతున్నాడు.

ఏప్రిల్ 30

పాత డ్యూటీ విజిల్ బయటికి తీసి ఊదాడు. మోగింది. మా ఆయన చప్పట్లు కొట్టాడు.

మే 6, ఉదయం 11

ఒకసారి ఊదితే మంచినీళ్ళు. రెండుసార్లు ఊదితే టీ. ఆపకుండా ఊదితే నేనెక్కడ చచ్చానని.

మేడమ్, మీరు నడిరోడ్డు మీద కూర్చున్నారా అని ఒక కస్టమర్ అడిగాడు. టీమ్ లీడర్ వార్నింగ్ మెయిల్ పెట్టింది. మా ఆయనతో చెబితే, పాపం పెద్దాయన, ఎన్నాళ్ళకో ఊదగలుగుతున్నాడు, ఊదుకోనీ అన్నాడు. ఈ ఇంట్లో ఆ పాపం నా వంతుకు ఎప్పుడూ రాదు.

మే 19

ఉద్యోగం పోయింది. కారణం, బ్యాక్‌గ్రౌండ్ నాయిస్.

మావయ్యతో చెప్పాను. సంతోషంగానే విన్నాడు. "మంచిదేనమ్మా. చెవులకు ఆ డొప్పలుండవు. ఇక ఒక్క ఊదుకే వినబడుతుంది నీకు."

జూన్ 3

తండ్రికీ కొడుక్కీ జ్వరం. మా ఆయనే బజారుకెళ్ళి అంటించుకొచ్చాడు. నాకేమీ లేదు. నాకేమన్నా వస్తే చేసేదెవరు?

జూన్ 15

ఇద్దరికీ తగ్గింది. గాలి మంచిదవబట్టే గట్టెక్కానని మావయ్య అందరికీ ఫోన్ చేసి చెబుతున్నాడు.

కానీ ఇద్దరికీ వాసన పోయింది. మా ఆయన ఒప్పుకున్నాడు. మావయ్య ఒప్పుకోడు. కళ్ళు మూసుకుని డీజిలో పెట్రోలో చెప్పిన ముక్కట, దానికేం కాదట. ఈ ఉదయం పాలు మాడి ఇల్లంతా కంపు కొట్టింది. ఇద్దరిలో ఒక్కరూ తల తిప్పలేదు.

జూన్ 24

రోడ్డు తెరిచారు. బస్సులు, లారీలు, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. గుడ్డ మళ్ళీ నల్లబడింది.

మావయ్య కిటికీ దగ్గర కూర్చుని, బండ్లున్నాయి గానీ పొగ లేదే అని తెగ ఆశ్చర్యపోయాడు. పాత ఇంజన్లన్నీ కదలక మెదలక తుక్కయిపోయుంటాయని కొడుక్కి పాఠం చెప్పాడు. కొడుకు తలూపాడు. తర్వాత మావయ్య నన్నడిగాడు, నీకేమన్నా వాసన వస్తోందా అని. నా కళ్ళు మండుతున్నాయి. గొంతు గరగరలాడుతోంది.

"లేదు మావయ్యా" అన్నాను.

జూన్ 25

టేపు చుట్ట అల్మరాలోనే ఉంది. రెండుసార్లు చూసి తలుపు వేశాను.

జూలై 2

మావయ్య చూసేలోపే గుడ్డ ఉతికేస్తున్నాను. ఆయనకు దగ్గు మొదలైంది. జ్వరం తాలూకు నీరసమంటున్నాడు. డాక్టర్ ఫోన్‌లోనే చూస్తున్నాడు. కిటికీలు మూసే ఉంచుతున్నారు కదా అని నన్నడిగాడు. ఉంచుతున్నామన్నాను. అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని నాకు తెలియదు.

జూలై 11, సాయంత్రం

విజిల్ మోగట్లేదు. లోపలి గింజ కదిలిన చప్పుడు మాత్రం వచ్చింది, రెండుసార్లు. టీ కాబోలు. వంటింట్లో గిన్నెలు గట్టిగా తోముకుంటూ కూర్చున్నాను.

ఆఖరికి వెళ్ళాను. పెదాలు నల్లబడి ఉన్నాయి. కిటికీ మూయనా అని అడిగాను. ఊరికే అడిగాను. గాలి కావాలి, ఇంకా తెరవమని చెయ్యి ఊపాడు.

రెండో రెక్క కూడా తెరిచాను.

జూలై 14

పోయాడు. జ్వరం తగ్గాక కూడా కొందరికి ఇలా అవుతోందని డాక్టర్ అన్నాడు. మా ఆయన నా భుజం మీద పడి, నీలాగా కన్నకూతురు కూడా చూడదని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. దొంగ ఏడుపు కాదు.

ఆగస్టు 2

మా ఆయనకు వాసన ఇంకా రాలేదు. షోరూమ్ వాళ్ళూ పిలవలేదు. ఇవాళ వాళ్ళ నాన్న కుర్చీలో కూర్చుని, విజిల్ చొక్కాకు తుడుచుకుని, నవ్వుతూ రెండుసార్లు ఊదాడు.

టీ ఇచ్చాను. కుర్చీని కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిపాను.