చుక్కల కోడెను కోసిన రోజు

జిల్లా కేంద్రం నుంచి,
మే మొదటి వారం

ప్రియమైన మా ఇంటాయనకు,

ఉత్తరం విప్పగానే "మళ్ళీ పిడుదుల గొడవేనా" అని మీరు నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి. నవ్వాక మాత్రం చివరిదాకా చదవండి.

ఈ ఏడు చలి సరిగ్గా పడలేదు. పడిన మంచు కూడా నిలవకుండా కరిగిపోయింది, పిడుదులు చావలేదు. నిన్న ఏటి అవతల బీళ్ళలో తెల్లగుడ్డ ఈడ్చి పరీక్షకు పిడుదులు పట్టడానికి వెళ్ళాను. గుడ్డ పరవకముందే, నా అడుగుల అదురుకే గడ్డి నీడలోంచి బయటికొచ్చి చారల కాళ్ళతో నా వెంట పరుగెత్తాయి. అందరి పొలాలూ పశువులూ కలిపి నడిపిన సమష్టి క్షేత్రం ఉన్న రోజుల్లో ఏటా పశువులకు మందు పూసేవాళ్ళు. ఇప్పుడు క్షేత్రమూ లేదు, మందూ లేదు. దున్నేవాళ్ళు లేక పొలాల్లో కంప పెరిగింది. కంపలో కుందేళ్ళు పెరిగాయి. పిల్ల పిడుదులకు కుందేళ్ళ నెత్తురు, ఎదిగినవాటికి మన పశువుల నెత్తురు. వాటి భోగం చూస్తే నాకే అసూయగా ఉంది.

అవి కుడితేనే ప్రమాదం అనుకోకండి. అవి మోసుకొచ్చే జ్వరం నెత్తురులో తిరుగుతున్నా పశువు మామూలుగా మేస్తుంది, నెమరేస్తుంది. చూసి కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. ఆ నెత్తురు మన చేతి పగుళ్ళకు తగిలితే చాలు. ముందు జ్వరం, తర్వాత చిగుళ్ళలోంచి, ముక్కులోంచి నెత్తురు. పోయినేడు మా ఆసుపత్రిలో చేరినవాళ్ళలో కొందరు ఇంటికి వెళ్ళలేదు. అందుకని చెబుతున్నాను. ఉన్ని కత్తిరించేటప్పుడు తొడుగులు వేసుకోండి. పిడుదును వేళ్ళతో నలపకండి. ఈ వేడి రోజులు పోయేదాకా ఉత్తచేతులతో పశువును కోయకండి. నీళ్ళ లారీ తోలే జుమాష్ చేతికి రబ్బరు తొడుగులు, మందు పొడి ఇచ్చి పంపుతున్నాను.

అత్తమ్మకు నమస్కారాలు చెప్పండి. తిట్లు ఎలాగూ తిరుగు లారీలో వస్తాయి.

మీ
బల్‌జాన్

*

మొయిన్‌కుమ్ ఎడారిలోని ఇసుకమేత నుంచి

ప్రియమైన బల్‌జాన్‌కు,

నువ్వు పంపిన తొడుగులు చూసి అమ్మ నవ్విన నవ్వుకు గొర్రెలు బెదిరాయి. "ఒరేయ్ సాగిందిక్, నీ పెళ్ళాం నిన్ను మంత్రసానిని చేసింది కదరా" అంది. చుక్కల కోడె చెవి పట్టుకుని, లోపల గుత్తులుగా వేలాడుతున్న పిడుదులను ఒక్కొక్కటే పీకి, బండ మీద పెట్టి బొటనవేలి గోటితో చిదుముతూ, "నా గోటికి చచ్చినవన్నీ లేచొస్తే ఈ ఎడారి చాలదు. నన్నేం చేశాయిరా? పురుగుల్ని పెంచడానికి జీతమిచ్చే ఉద్యోగం నా కోడలికే దొరికింది" అని నాకే ఒక సభ పెట్టింది.

నేను తొడుగులు వేసుకున్నాను, ఒట్టు. ఒక పూట. కత్తెర పట్టు జారి ఒక గొర్రె తొడ చీరుకుంది. అప్పటినుంచి అవి గుడారం గుంజకు వేలాడుతున్నాయి. మందు పొడి మాత్రం మంద మొత్తానికీ చల్లాను. కోడెకు చాలలేదు. మళ్ళీ పంపు.

నువ్వు లేక ఇక్కడ టీ కూడా నీళ్ళలా ఉంది. అమ్మ కాచే టీ బాగాలేదని ఆమెతో అనే ధైర్యం నాకు లేదు, నీకు రాస్తున్నాను. కత్తిరింపు ముగిస్తే ఒక వారం వచ్చి నీ దగ్గరుంటాను. నీ సీసాల్లోని పురుగులకు చెప్పు, మంచం మీది చోటు ఖాళీ చేయమని.

నీ
సాగిందిక్

*

జిల్లా కేంద్రం

ప్రియమైన మా ఇంటాయనకు,

గుంజకు తొడుగులు తొడిగినందుకు సంతోషం. గుంజకు జ్వరం రాదు.

కోపంతో రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. మొన్న ఉన్ని కత్తిరించే కుర్రాణ్ణి ఒకణ్ణి తెచ్చారు. పెళ్ళై ఏడాది కాలేదట. వాడి చొక్కా మడతల్లో పిడుదులు దొరుకుతాయేమో చూడమని వార్డులోకి నన్ను పిలిచారు. నేను లోపల ఉండగానే నెత్తురు కక్కుకున్నాడు. నర్సు ఒక్కతే ఆపలేకపోతే భుజాలు పట్టుకున్నాను. నా తొడుగు చిరిగింది. వెంటనే కడుక్కున్నాను, కంగారు పడకండి. వాడు "అక్కా, నన్ను ఏ పిడుదూ కుట్టలేదు, వేళ్ళతో నలిపానంతే" అన్నాడు. నిన్న పోయాడు.

అందుకే మీ ఒట్లు నాకు వద్దు. తొడుగులు గుంజ మీంచి తీసి చేతులకు వేసుకోండి. అత్తమ్మ మీద పడి ఏడ్చైనా సరే, ఆమె చేత ఆ గోటి పని మాన్పించండి. పొడి మళ్ళీ పంపుతున్నాను. ముందు కోడెకే చల్లండి.

ఊరూరా తిరిగి కొట్టాలు చూడాలి, పని ఎక్కువగా ఉంది. ఎండకు కాబోలు తల పగిలిపోతోంది. ఒకటి రెండు లారీలకు నా ఉత్తరం రాకపోతే పనిలో పడ్డానని అనుకోండి.

మీ
బల్‌జాన్

*

ఇసుకమేత

బల్‌జాన్‌,

ఈ ఉత్తరం నువ్వు చదువుతావో లేదో నాకు తెలియదు. అయినా నీకే రాస్తున్నాను, ఇంకెవరికి రాయను?

రెండుసార్లు లారీ నీ ఉత్తరం లేకుండానే వచ్చింది. రెండోసారి జుమాష్ టీ గిన్నె ముందు పెట్టుకుని తల ఎత్తలేదు. జోకులేయకుండా ఒక్క నిమిషం కూర్చోలేని మనిషి. "బల్‌జాన్ ఏం చెప్పింది?" అని అడిగాను. "అంతా కులాసానే. పని అయ్యాక వీలు చూసుకుని ఓసారి రమ్మన్నారు" అన్నాడు. "ఎవరు రమ్మన్నారు?" అంటే, "అందరూ" అని లేచిపోయాడు.

మనవాళ్ళు చావు కబురు ఎప్పుడు నేరుగా చెప్పారు? నేను సైన్యంలో ఉండగా నాన్న పోతే నాకు వచ్చిన కబురేమిటో నీకు తెలుసు కదా. ఇంట్లో అందరూ కులాసా, సెలవు దొరికితే ఓసారి రా. అవే మాటలు. అమ్మ నా ముఖం చూసింది, నేను అమ్మ ముఖం చూశాను. లారీ వెంట పరుగెత్తాను. అందలేదు.

మర్నాడు పక్కమేత ముసలాయన కుయాన్‌బాయి, కొడుకులతో గుర్రాలు దౌడు తీయిస్తూ, "నా తల్లీ, నా తల్లీ" అని దూరం నుంచే ఏడుస్తూ వచ్చాడు. నువ్వు జ్వరం వార్డులో ఉన్నావని జుమాష్ వాళ్ళతో అన్నాడట. ఇక మాకేం అనుమానం మిగులుతుంది? సాయంత్రానికి మూడు మేతల మనుషులు గుడారం చుట్టూ చేరారు. అమ్మ నీ కోసం గొంతెత్తి ఏడ్చింది. నిన్ను ఒక్కసారైనా మెచ్చుకోని మా అమ్మ, పాట కట్టి మరీ ఏడ్చింది. ఇసుకలో పుట్టిన నీటి చెలమ అంది నిన్ను. వింటే నమ్మేదానివి కాదు.

ఏడ్వడానికి వచ్చినవాళ్ళను మాంసం పెట్టకుండా ఎలా పంపను? చుక్కల కోడెను కోశాను. నువ్వు వద్దన్నావు, గుర్తుంది. ఆ తొడుగులు కళ్ళెదుటే వేలాడుతున్నాయి. నీ చావుకు కోసే పశువును రబ్బరు తొడుగులతో కోయడానికి మనసు ఒప్పలేదు. అమ్మ తొట్టెలో పేగులు కడిగింది. ఆమె చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి, కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి.

ఎల్లుండి మందను కుయాన్‌బాయికి అప్పగించి బయల్దేరతాను. ఈ ఉత్తరాన్ని ఆయన కొడుకు రోడ్డు దాకా తెచ్చి, పట్నం పోయే బండికి ఇస్తానన్నాడు. నువ్వు బతికి ఉంటే నన్ను చచ్చేలా తిట్టు. నాకు ఆ తిట్లు కావాలి.

నీ
సాగిందిక్

*

అంటురోగాల వార్డు నుంచి

ప్రియమైన మా ఇంటాయనకు,

నేను బతికే ఉన్నాను. నా చేతిరాతే ఇది, పడుకుని రాస్తున్నాను అంతే. నెత్తురు పడింది, ఆగింది. జ్వరం దిగింది. నిన్న పెరుగు తాగాను. డాక్టరమ్మ నా వైపు చూసి నవ్వడం మొదలుపెట్టింది.

జుమాష్‌ను ఏమీ అనకండి. ఇక్కడ పడ్డానని మీకు చెప్పొద్దన్నది నేనే. మీరు మందను వదిలేసి పరుగెత్తుకొస్తారని, అత్తమ్మ హడలిపోతుందని. వాడికి అబద్ధం చెప్పడం రాదు, నాకు ఉపాయం పన్నడం అంతకన్నా రాదు. మీ ఉత్తరం కిటికీ అద్దానికి ఆనించి నర్సు చూపిస్తే చదివాను. కోడెను కోశానన్న చోటికి వచ్చేసరికి, ఈ పదిహేను రోజుల్లో ఎప్పుడూ పడనంత భయపడ్డాను.

ఇప్పుడు చెప్పేది మాట మాటా వినండి. మీరు రావద్దు. అక్కణ్ణుంచి ఎవరూ ఎక్కడికీ కదలొద్దు. ఉడికిన మాంసం తిన్నవాళ్ళకు భయం లేదు. కోసినవాళ్ళు, తోలు తీసినవాళ్ళు, పేగులు కడిగినవాళ్ళు ఎవరో గుర్తు చేసుకుని రోజూ రెండు పూటలా వాళ్ళకు జ్వరం చూడండి. జుమాష్ చేత థర్మామీటర్లు పంపుతున్నాను. తలనొప్పి అన్నా, నడుం నొప్పి అన్నా ఆ క్షణమే లారీ ఎక్కించి పంపండి. జ్వరానికి ఆస్పిరిన్ మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, దానితో నెత్తురు ఇంకా ఎక్కువ పోతుంది. జ్వరం వచ్చిన మనిషి దగ్గరికి తొడుగులు లేకుండా, ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా వెళ్ళొద్దు. జుమాష్‌ను అక్కడే ఉండమన్నాను. లారీ మీ గుడారం ముందే ఉంటుంది.

మీ చేతికి తెగిన గాయం ఉందా? అత్తమ్మ చేతుల పగుళ్ళు నాకు తెలుసు. ఉన్నది ఉన్నట్టు రాయండి.

మీ
బల్‌జాన్

*

ఇసుకమేత

ప్రియమైన బల్‌జాన్‌కు,

నీ అక్షరాలు చూసి ఇసుకలో కూలబడిపోయాను. జుమాష్ మళ్ళీ చచ్చిన కబురే తెచ్చాడనుకుని కుయాన్‌బాయి నా మీద పడి ఏడవబోయాడు. లేపి చెప్పేసరికి ఆ ముసలాయనకు కోపం వచ్చింది, గుర్రాన్ని అంత దౌడు తీయించినందుకు.

"అమ్మా, నీ కోడలు బతికే ఉంది" అన్నాను. అమ్మ "మరి నేనేడ్చిన ఏడుపు ఎవరి ఖాతాలో రాయాలిరా?" అంది. తర్వాత గుడారం వెనక్కి వెళ్ళి ఇంకోసారి ఏడ్చింది. ఈసారి పాట లేకుండా.

నాకు జ్వరం లేదు. చేతికి గాయం లేదు. కుయాన్‌బాయి కొడుకులకూ ఏమీ లేదు. ఇది ఉన్నది ఉన్నట్టు.

అమ్మ సంగతి రాయాలి. థర్మామీటర్ ఇస్తే, చంకలో పెట్టుకోవడానికి నేనేమన్నా గాజు గుడ్లు పెట్టే కోడినా అని విసిరికొట్టింది. నిన్న టీ ముట్టలేదు. పొద్దున నడుం పట్టేసిందని ఒంటె పాలు పితకలేదు. దగ్గరికెళితే ఒళ్ళు కాలిపోతోంది. "నిన్నటినుంచేరా. కత్తిరింపు ఆగిపోతుందని చెప్పలేదు" అంది. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. తొడుగులు వేసుకునే ఎత్తి లారీలో పడుకోబెట్టాను. ఈసారి ఆ తొడుగులు చూసి అమ్మ నవ్వలేదు.

నువ్వు రావొద్దన్నావు, ఆగాను. నా తల్లిని నీ చేతుల్లో పెడుతున్నాను, బల్‌జాన్. నన్ను రమ్మంటే చాలు, వచ్చేస్తాను.

నీ
సాగిందిక్

*

అంటురోగాల వార్డు

ప్రియమైన మీకు,

అత్తమ్మ ఈ రోజు తెల్లవారుజామున చనిపోయారు. ఇది మొదటి వాక్యంలోనే రాశాను. ఇలా రాయకూడదని, మీ పక్కన నలుగురు పెద్దలు కూర్చుని, చుట్టూ తిప్పి, మీ గుండె సిద్ధమయ్యాక చెప్పాలని నాకూ తెలుసు. కానీ ఒకసారి చుట్టూ తిప్పి చెప్పినందుకే ఇంత జరిగింది. మీరు తిట్టుకున్నా సరే, మీకు సూటిగా చెప్పే మనిషిని నేనే కావాలనుకున్నాను.

ఆమె ఒంటరిగా పోలేదు. ఈ జ్వరం ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళకు మళ్ళీ అంటదని డాక్టరమ్మ నన్ను లోపల ఉండనిచ్చింది. నర్సులు కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా చుట్టుకుని వస్తారు, ఆమె గుర్తుపట్టేది నా ముఖం ఒక్కటే. మొదటి రోజు కళ్ళు తెరిచి నన్ను చూసి, భయపడకుండా, "నువ్వు ముందొచ్చావుగా, ఇక్కడ నీళ్ళెక్కడున్నాయే?" అన్నారు. నేను బతికున్న సంగతి జ్వరం మత్తులో మరిచి, తాను కూడా పోయాననుకున్నారు. "అత్తమ్మా, ఇది ఆసుపత్రి. నేను చావలేదు, మీరూ చావలేదు" అంటే, నా చెయ్యి గిల్లి చూశారు. "ఆ మాట ముందే చెబితే ఓ కోడె మిగిలేది" అన్నారు. ఇద్దరం నవ్వాం. నవ్వితే ఆమె చిగుళ్ళలోంచి నెత్తురొచ్చింది. తుడిచాను.

తెలివి ఉన్నంతసేపూ మీ గురించే అడిగారు, జ్వరం వచ్చిందా అని. రాలేదని ప్రతిసారీ చెప్పాను. చివరికి నన్ను దగ్గరికి పిలిచి, "పాట కట్టడం నీకు రాదుగా. నీకు తోచినట్టు ఏడు, తప్పులు పట్టను" అన్నారు.

ఆమెను స్నానం కూడా చేయించకుండా, మగవాళ్ళ చేతుల మీదుగా సంచిలో పంపేస్తామన్నారు ఆసుపత్రివాళ్ళు. నేను ఒప్పుకోలేదు. డాక్టరమ్మతో గొడవపడి, తొడుగులు వేసుకుని, మందు కలిపిన నీళ్ళతో నేనే స్నానం చేయించాను. చేయాల్సినవన్నీ చేశాను, ఆ బొటనవేలి గోరు కూడా కడిగాను. నాకు తోచినట్టు ఏడ్చాను. పట్నం అంచున, మీ నాన్నగారి సమాధి పక్కన పెట్టారు.

మీరు మట్టి వేయలేదు. కొడుకు ఉండి కూడా రాలేదని అంటారు. ఆమెను ఎత్తింది మీరు, అందుకని ఇంకో రెండు వారాలు కదలొద్దు. కబురు తెలిసి మళ్ళీ గుర్రాల మీద ఏడుస్తూ వస్తారు. రానివ్వండి, టీ పోయండి, జుమాష్ చేత పంపుతున్న రొట్టెలు పెట్టండి. ఒక్క పశువును కూడా కోయొద్దు. కన్నతల్లికి ఒక గొర్రెను కూడా కోయలేదని మూడు మేతల వాళ్ళూ ముఖం మీదే అంటారు, ముసలాయన మీ గుమ్మం తొక్కడం మానేస్తాడు. అననివ్వండి. ఆ మాటలకు ఎవరూ చావరు.

జుమాష్ ఈ ఉత్తరం ఇచ్చి తిరిగి రాగానే, రేపు అదే లారీలో నేనే వస్తాను. నాకు ఇంకా నడక సరిగ్గా రాలేదు, లారీ దిగేటప్పుడు పట్టుకోవాలి. ఈలోగా రెండు పూటలా జ్వరం చూసుకుంటూ ఉండండి, ఎంత ఉంటే అంత నాతో చెప్పండి.

మీ
బల్‌జాన్