తుఫాను మళ్ళిన వైపు

ఆదివారం, రాత్రి

ఈ రోజు చర్చిలో నేను సాక్ష్యం చెప్పకుండా ఉండాల్సింది. "ఇక్కడ బిలాస్‌పూర్‌లో మేం మోకరిస్తే, అక్కడ దేవుడు తుఫానును మా అమ్మ ఊరి మీదికి రానివ్వకుండా పక్కకు మళ్ళించాడు" అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. నా పక్కన చాప మీద కూర్చున్న ఎస్తేరు కూడా అంది. తుఫాను మళ్ళిన ఆ పక్క ఊరు వాళ్ళదే. తమ్ముడి ఇల్లు కూలిపోయిందని శుక్రవారమే నాకు ఫోన్ చేసి ఏడ్చింది. గుర్తులేక కాదు. నా సంతోషంలో అది నాకు అడ్డనిపించలేదు.

ఆరాధన అయ్యాక క్వార్టర్ల దాకా కలిసే నడిచాం.

"అచ్ఛా అక్కా, అయితే దేవుడే దాన్ని మావోల మీదకి తోలినాడంతావేటి?" అంది. కోపంగా కాదు, తెలుసుకుందామనే అడిగింది.

ఏలీయా ప్రవక్త కథలో పెనుగాలిలో దేవుడు లేడని సండే స్కూల్ పిల్లలకు ఏటా చెప్పేది నేనే. ఆ మాటైనా నోటికి రాలేదు. "దేవుని చిత్తం మనకేం తెలుస్తుంది" అని తప్పించుకున్నాను. మా అమ్మ విషయంలో మాత్రం అంతా తెలిసినట్టే మాట్లాడాను.

విడిపోయేటప్పుడు, "మీ అమ్మ బాగుంది కదా అక్కా, అదే సాలు" అంది.

వాళ్ళ తమ్ముడు ఎక్కడ తలదాచుకుంటున్నాడో నేను ఇప్పటికీ అడగలేదు.