తమరిందో మైదానం విషయంలో నా నిర్ణయం

నేను, ఎరిబెర్తో ఎన్కర్నసియోన్, వయసు డెబ్బై ఆరు, సాన్ పెద్రో దె మకోరిస్‌లోని తమరిందో పేట నివాసిని, పత్రికా విలేకరిగా పనిచేసి విరమించి, ఆటల మీద ఇంకా రాస్తున్నవాణ్ని. స్వబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. పాడైనవి మూత్రపిండాలు, తల కాదు. అనుమానమున్నవారు పోయిన ఆదివారం మన బేస్‌బాల్ జట్టు బ్యాటింగ్ వరుస నన్ను అడగవచ్చు.

1. నా ఇల్లు, అందులోని సామానుతో సహా, నా ఏకైక సంతానమైన యోకస్తకు చెందుతుంది.

2. నా మోటారు సైకిలు యోకస్త కొడుకు, మా జట్టులో బంతి విసిరే పిచర్ ఫ్రాన్యెర్‌కు. గత సీజను ఫైనల్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మనం రెండు పరుగుల ముందున్నాం. బేస్‌ల మీద అవతలివాళ్లు ఎవరూ లేరు. వాడి విసురు ఏమాత్రం తగ్గలేదు. అయినా మేనేజర్ లోపలికి నడిచొచ్చి, ఇక చాలు, బంతి ఇమ్మని చెయ్యి చాపాడు. ఫ్రాన్యెర్ బంతిని నేలకు కొట్టలేదు, ఆ చేతిలో పెట్టాడు. ఆట ముగిసేదాకా నిలబడి, తన బదులు వచ్చినవాడికి చప్పట్లు కొట్టాడు. గెలిచినా నాకింత గర్వం కలిగేది కాదు.

3. అలా వచ్చి మూడు పరుగులిచ్చిన ఎలాదియోకు నా రేడియో. ఓడినప్పటి నుంచి అతను మా ఎదురింటి కొట్టు అరుగు మీదికి రావడం మానేశాడు. రేడియో అక్కడే పెట్టి, అందరితో కూర్చుని ఆటలు వినాలి. ఫైనల్ ఊసు ఎవరూ ఎత్తకూడదు.

4. ఆ మేనేజర్ నా తమ్ముడు వెన్సెస్లావో. ఆ రోజు పిచర్‌ను మార్చడం తప్పని పత్రికలో రాశాను. ఇప్పుడూ అదే అంటాను. ఫ్రాన్యెర్ మోచెయ్యి అలసి కిందికి జారుతోందని అతను చెప్పాడు, నాకు కనబడలేదు. వాదించబోతే, "అన్నా, నువ్వు రాసేది మర్నాడు. నేను తేల్చాల్సింది అప్పటికప్పుడు" అన్నాడు.

జట్టు ఆడే మైదానం నా స్వార్జితం. యోకస్త దాన్ని అడిగింది: "నా పేర రాయి నాన్నా. బాబాయిని ఆ రోజే పంపించేస్తా, లేదంటే జట్టు వేరే చోటు చూసుకుంటుంది." తల్లిగా ఆమె కోపం నాకు అర్థమైంది. అయితే వెన్సెస్లావో చేతికింద పిచర్లుగా చేసినవారిలో ఒక్కరికీ మోచేతి ఆపరేషన్ జరగలేదు. ఇంటింటికీ వెళ్లి అడిగి తెలుసుకున్నాను. ఒకడు బస్సు నడుపుతున్నాడు, ఒకడు సముద్రంలో వల లాగుతున్నాడు, ఇద్దరు ఇంకా విదేశాల్లో ఆడుతున్నారు. ఈ తీరంలో ఇలా చెప్పుకోగల మేనేజర్ మరొకడు లేడు. అతను నా తమ్ముడు.

కాబట్టి మైదానం వెన్సెస్లావోకు, అతని తర్వాత జట్టుకు చెందుతుంది. అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు.

5. పిచర్‌ను ఎప్పుడు మార్చాలన్నది మేనేజర్ ఒక్కడి నిర్ణయం, అది తప్పయినా సరే. స్థలం పేరు చెప్పి దాన్ని మార్పించే హక్కు నా వారసులెవరికీ లేదు. గట్టు మీద కూర్చుని అతన్ని తిట్టే హక్కు మాత్రం యోకస్తకు పూర్తిగా ఉంది.

దీని అమలు బాధ్యత నోటరీ దోన్యా మిలెదిస్ పొలాంకోది.

2019 మార్చి 9
(సంతకం) ఎరిబెర్తో ఎన్కర్నసియోన్

సాక్షులు:
తెయోఫిలో మెర్సెదెస్, అంపైర్
నూరిస్ కాస్తియో, ఎదురింటి కొట్టు యజమానురాలు