నిండిపోయిన సరస్సు

ఆల్డర్ నారోస్, ఒంటారియో
సెప్టెంబరు

చిరంజీవి ఒలావికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ మేమంతా బాగున్నాం. మేమంతా అంటే నేను, మీ అత్త ఐలా, ఆవిడ మోకాలు. ఆ మోకాలు ఇప్పుడు ఇంట్లో మూడో మనిషైపోయింది, దాన్ని అడక్కుండా ఏ పనీ జరగదు. టొరంటోలో మీరందరూ క్షేమమని తలుస్తాను. ఫోనులో చెబితే మధ్యలో అడ్డుపడతావు, ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు. అందుకే కాగితం తీశాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. ఆవిరిగది పొయ్యి గొట్టం మార్పించాను. అత్త కంట్లో చుక్కలు వేసుకుంటోంది, నేను ఎదురుగా నిలబడితేనే. పడవ అడుగున పగులుకు నేనే అతుకు వేశాను, చుక్క నీరు కారడం లేదు. ఇక చివర్లో ఏమీ తెలియనట్టు అడిగావే, టామరాక్ సరస్సు ఒడ్డున గుడారం వేసుకోవడానికి ఈసారి పర్మిట్ దొరికిందా అని. పార్కుల శాఖలో పర్మిట్లు చూసే అధికారివి నువ్వు. ఆ మాట నన్ను అడుగుతావేం?

దొరకలేదు. "పొద్దున ఏడింటికి కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలమ్మా, అందరికీ ఒకటే న్యాయం" అని రాశావు. కూర్చున్నాను నాయనా. మనింట్లో నెట్ వానకే పడిపోతుందని లైబ్రరీ ఆవిడను బతిమాలి, తలుపులు పెందలాడే తీయించుకుని మరీ కూర్చున్నాను. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, ఆగేసరికి వేసవి మొత్తం ఎరుపు. వెనక కుర్చీలోంచి అత్త, "అదేంటే, మనం ఇంకా వేలు పెట్టలేదుగా, అప్పుడే అయిపోయిందా?" అంది. నగరాల్లో విహారయాత్రలు అమ్మే కంపెనీలు ముందే అన్ని రాత్రులూ పట్టేసుకుంటాయట. బేరం తగిలితే వస్తారు, తగలకపోతే లేదు.

నేను రుసుము కట్టనన్నానా? దారికి అడ్డంగా పడిన చెట్లు కొట్టేవాళ్లకు జీతాలు ఎక్కడినుంచి వస్తాయో నాకు తెలుసు. జనాన్ని ఇష్టమొచ్చినట్టు వదిలితే సరస్సు పాడవుతుందన్నావు, అదీ నిజమే. ఆ మాట చిన్నప్పుడు నీకు నేర్పింది నేనే. పరిమితి పెట్టండి. కానీ ఆ పరిమితిలోకి ఈ ఊరివాళ్లు ఒక్కరూ రాకపోవడం ఏం న్యాయం? మిల్లు మూతపడ్డాక మాకు మిగిలిన సుఖం ఆ నీళ్లే కదా.

సరే, ఇంతసేపూ దాటేసిన మాట చెబుతున్నాను. ఆగస్టులో మేమిద్దరం వెళ్లాం, పర్మిట్ లేకుండానే.

రెండు సరస్సుల మధ్య కాలిదారిలో పడవను నేను నెత్తికెత్తుకున్నాను. అత్త మూట వీపున వేసుకుని, మోకాలిని బూతులు తిడుతూ వెనకే నడిచింది. దేవదారు చెట్ల కింద మనం ఎప్పుడూ దిగే చోటుకు చేరేసరికి సాయంత్రమైంది. గుడారం విప్పబోతూ అత్త, "హెల్వీ, ఇలా రా" అని పిలిచింది.

తిరుగు ప్రయాణంలో ఎండు కట్టెలు చీల్చి, మన తర్వాత దిగేవాళ్ల కోసం బెరడు కప్పి ఉంచి రావడం మనకు అలవాటు కదా. తడిసి ముద్దయి వచ్చినవాళ్లకు వెంటనే నిప్పు దొరకాలని. పోయిన శరత్కాలంలో మేం ఉంచిన కట్ట అలాగే ఉంది. అత్త ఎర్ర ఊలుతో వేసిన ముడి కూడా విప్పలేదు. పొయ్యి రాళ్ల మధ్య జానెడు గడ్డి మొలిచింది. మే నుంచి ఒక్క రాత్రీ ఖాళీ లేదని మీ తెర చెప్పిన చోటు ఇదే. ఒక్క మనిషి వచ్చి నిప్పు రాజేసిన జాడ లేదు. నాకు ఏడుపొచ్చింది, కోపంతో.

మర్నాడు కాఫీ మరుగుతుండగా వార్డెన్ పడవ వచ్చింది. డుగల్ అని, కొత్త కుర్రాడు, మర్యాదస్థుడే.

"పర్మిట్ చూపిస్తారా అమ్మా?"

"లేదు బాబూ."

"ఈ చోటు వేరేవాళ్ల పేరున ఉందండీ. మీరు లేవాలి."

"వాళ్లని రానీవయ్యా," అంది అత్త. "కాఫీ పోసి మరీ లేస్తాం. ఏరీ?"

అతను నీళ్లవైపు చూశాడు. "రాకపోయినా డబ్బు కట్టారు కదండీ."

"అయితే డబ్బొచ్చి పడుకుంటుందా ఇక్కడ?"

డుగల్‌కు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. అత్త ఊరుకుంటుందా! "ఈ దారి మాకు చూపించింది ఇక్కడి ఆదివాసులు, అనిషినాబే వాళ్లయ్యా. మా నాన్న వాళ్లనడిగి వచ్చేవాడు. మీ ఆఫీసు ఎవర్నడిగింది?" అని నిలదీసి, అదే చేత్తో యాలకుల రొట్టె ముక్క అతని చేతిలో పెట్టింది.

అతను రొట్టె తింటూనే నా గుర్తింపు కార్డు అడిగి తీసుకుని, దాని మీద పేరు చదివాడు. నములుతున్నవాడు ఆగిపోయాడు. "నిస్కనెన్... మా ఒలావి నిస్కనెన్ గారికి మీరేమవుతారు?"

"అమ్మని."

వెంటనే జుల్మానా రసీదు పుస్తకం మూసేశాడు. "ఆ మాట ముందే చెప్పొద్దూ? నేను మిమ్మల్ని చూడలేదు. రెండ్రోజులుండి వెళ్లండి."

అత్త కళ్లతోనే నన్ను ఊరుకోమంది. ఊరుకుంటే అయిపోయేది. కానీ ఒలావీ, కంపెనీకి ఒక న్యాయం, ఊరికి ఒక న్యాయం, అధికారి అమ్మకు మూడోదా?

"నేను అతని అమ్మని కాకపోతే ఏం చేసేవాడివి?"

"రాసేవాణ్నండీ."

"అయితే రాయి."

"పిచ్చెక్కిందే నీకు!" అంది అత్త. తిరిగొచ్చేటప్పుడు మాత్రం మోకాలిని ఒక్క మాట అనలేదు, ఆ రసీదు తన చొక్కా జేబులోనే దాచుకుని తెచ్చింది.

జుల్మానా నేను కట్టలేదు, కట్టను కూడా. నేరం ఒప్పుకోనని రాసి పంపాను. విచారణ వచ్చే నెల, మన ఊరి హాల్లోనే. కుర్చీలు చాలవని ఇప్పటికే ఇళ్ల నుంచి తెస్తామంటున్నారు. సాయంత్రానికి రానివాళ్ల చోటు పార్కు గేటు దగ్గర నిలబడినవాళ్లకు ఇవ్వాలి, మేమడిగేది అంతే. నీ ఉద్యోగానికి ఏమవుతుందోనని నాకు భయం లేదనుకోకు. ఉంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. అయినా వెనక్కి తగ్గను.

ఆ రోజు ఆ సరస్సు ఒక్క చోటూ ఖాళీ లేకుండా నిండి ఉందని మీ శాఖ నుంచి ఒకరు వచ్చి ప్రమాణం చేసి చెప్పాలట. ఎవర్ని పంపాలో తేల్చేది నువ్వేనని డుగల్ చెప్పాడు. ఇంకెవర్నో పంపకు నాయనా. నువ్వే రా. నా ఎదురుగా నిలబడి, నా మొహం చూస్తూ, నిండి ఉందని చెప్పు. చెప్పగలిగితే అక్కడికక్కడే జుల్మానా కట్టేస్తాను. నోరు రాకపోతే, ఎందుకు రాలేదో న్యాయమూర్తికి చెప్పు.

ఇట్లు,
నీ ఆఫీసుకు ముద్దాయి, నీకు అమ్మ,
హెల్వీ