మెషీన్‌ని అడగండి

మార్చి 4, ఆదివారం

మెషీన్ వచ్చింది. అగ్గిపెట్టె కంటే చిన్నది. కళ్ళజోడు కాడకి తగిలించుకోవాలి. ముందు కెమెరా, వెనక స్పీకర్. ఏ కాగితం ఎదురుగా పెట్టినా చదివి చెవిలో చెబుతుందట. చూపు లేనివాళ్ళ కోసమే చేశారు. ధర మాత్రం చూపున్నవాళ్ళకి కూడా కళ్ళు తిరిగేలా పెట్టారు.

ఇంట్లో ఇద్దరం చూపు లేనివాళ్ళమే కాబట్టి రెండు కొనాలి. ఒకటి కొనడానికే తల తాకట్టు పెట్టినంత పనైంది. వాషింగ్ మెషీన్ కోసం దాచినదంతా పోయింది. మిగతాది వాయిదాలు. ఈయన వద్దనే అన్నారు. ఇన్నాళ్ళూ ఏం ఆగిపోయిందని అడిగారు. నేను వినలేదు. ఒక్కరోజైనా ఎవరినీ బతిమాలకుండా ఒక కాగితం చదువుకోవాలని నా కోరిక. అంతే.

ఇదంతా ఫోన్‌లో టైప్ చేస్తున్నాను. బ్రెయిల్‌లో రాస్తే ఈయన వేళ్ళకి దొరుకుతుంది.

మార్చి 5, సోమవారం

పని చేయడం లేదు. న్యూస్‌పేపర్ పెట్టాను, బిస్కెట్ ప్యాకెట్ పెట్టాను, పెళ్ళి కార్డు పెట్టాను. దేనికైనా ఒకటే పాట, చదవడానికి ఏమీ కనిపించడం లేదు అని. కంపెనీకి ఫోన్ చేసి కడిగేశాను. షాపులో డెమో ఇచ్చినప్పుడు గడగడా చదివింది, ఇంటికొచ్చేసరికి మూగదైందా అన్నాను. అవతలాయన ఓపిగ్గా అంతా విని, మేడమ్, గదిలో లైటు వేశారా అని అడిగాడు.

మా ఇంట్లో లైటు ఎవరు వేస్తారు? ఆదివారాలు వదిన వస్తే వేస్తుంది, వెళ్ళేటప్పుడు తీసేస్తుంది. వదినంటే ఈయన అక్క. మా ఇంటికి వచ్చిపోయే ఏకైక చూపు.

ఈయన పడీపడీ నవ్వారు. దానికి కళ్ళున్నాయి కదే, మనలా చీకట్లో ఎలా బతుకుతుంది పాపం అన్నారు. వదినకి ఫోన్ చేసి, స్విచ్ ఎటు నొక్కితే వెలుగుతుందో కనుక్కున్నాం. ఇద్దరు పెద్దవాళ్ళం, సొంత ఇంట్లో.

లైటు వేశాక చదివింది. బిస్కెట్లు మురిగిపోయి రెండు నెలలైందట.

మార్చి 8, గురువారం

ఆసుపత్రికి పెట్టుకుని వెళ్ళాను. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పని చేస్తాను. ఎవరు ఫోన్ చేసినా నేనెత్తి, కావలసిన వార్డుకి లైను కలపాలి. తొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్న గది తలుపు మీద బోర్డు ఇవాళ చదివాను. స్టోర్ రూమ్ అని ఉంది. పక్క సీటు ఆవిడని అడిగితే, అవునే, నీకు తెలీదా అంది. ఎలా తెలుస్తుంది, ఎవరైనా చెబితే కదా.

కారిడార్‌లో ఉన్న ప్రతి అట్టముక్కా చదివించుకుంటూ నడిచాను. ఇక్కడ ఉమ్మరాదు. చెప్పులు బయట విడవండి. పొడి చెత్త. తడి చెత్త. ఇంత సంతోషంగా చెత్త గురించి వినడం ఇదే మొదలు.

పక్క సీటు ఆవిడ దగ్గర రోజంతా డప్పు కొట్టుకున్నాను. ఇక నుంచి ఎవరి అవసరమూ లేదన్నాను. లేని కళ్ళు నెత్తికెక్కాయి నాకు.

మార్చి 11, ఆదివారం

వదిన వచ్చింది. మెషీన్ చూపించాను. అంతా విని, మా వాడి ఫోన్‌లో ఇలాంటిదే ఉందే, ఊరికే వస్తుంది అంది. ఆమెది ఎప్పుడూ పుల్లవిరుపు మాటే. ఫోన్ అయితే ఒక చేత్తో అది పట్టుకోవాలి, ఇంకో చేత్తో కాగితం పట్టుకోవాలి, కర్ర ఎక్కడ పెట్టుకోవాలి అని గట్టిగానే వాదించాను. కానీ లోపల కాలింది. అంత పోసింది ఊరికే వచ్చేదాని కోసమా అని.

ఆ మంటలో చేసిన పని ఇది. మా ఇంట్లో ప్రతి సీసాకీ రబ్బరు బ్యాండు ఉంటుంది. దగ్గు మందుకి ఒకటి, నా ఆనెకాయల మందుకి రెండు, ఫినాయిల్‌కి మూడు. పెళ్ళైన వారంలో ఈయనే పెట్టిన ఏర్పాటు. వదిన వెళ్ళాక కూర్చుని అన్నీ ఊడబీకాను. ఉండనీవే, అవేమైనా తిండి అడుగుతున్నాయా అన్నారు ఈయన. అంత ఖరీదు పెట్టి కొన్నాక ఇంకా రబ్బరు బ్యాండ్లేంటండీ, వాడకపోతే దండగ కాదూ అన్నాను. ఆయనని ఇంకేమీ అననివ్వలేదు.

మార్చి 16, శుక్రవారం

నిజం రాయాలి కదా. గుండ్రటి సీసాలు దీనికి సరిగ్గా పడవు. ఎదురుగా ఉన్న ముక్కే చదువుతుంది, తిప్పితే ఇంకో ముక్క. పేరు సగం ఇటు, సగం అటు. రెండు చేతులూ ఖాళీ అని కొన్నాను, తీరా సీసా తిప్పడానికి మూడో చెయ్యి కావాలి. సాయంత్రానికి చార్జింగ్ అయిపోతుంది. వెలుతురు చాలదని గునుస్తూనే ఉంటుంది.

పక్క సీటు ఆవిడ ఎలా ఉందే అని అడిగింది. బ్రహ్మాండంగా ఉందన్నాను.

మార్చి 21, బుధవారం

ఈయనకి జలుబు. ముక్కు దిబ్బడ, దానికి తోడు ఎడమ చెవి మూసుకుపోయింది. డాక్టరు గులిమి గట్టిపడిందని చెప్పి, మెత్తబడడానికి చుక్కల మందు రాశాడు. మందు వేసి, శుక్రవారం వరకు సెలవు పెట్టమన్నాడు.

ఈయనకి చెవులు జీతం. మోటార్ల ఫ్యాక్టరీలో తయారైన ప్రతి మోటారూ ఈయన ముందు తిరగాలి. విని, ఇది బాగుంది, దీనికి బేరింగ్ తేడా అని చెబుతారు. హాలంతా మోటార్ల రొద, అందులోంచి ఒక్కదాని గరగర పట్టుకుంటారు. అక్కడ అందరూ చెవి మాస్టారనే పిలుస్తారు.

కొత్త సీసాకి ఒక రబ్బరు బ్యాండు ఇవ్వవే అన్నారు. లేవు, పారేశాను, మెషీన్ ఇంట్లో వదిలి వెళతాను వాడుకోండి అన్నాను. బాత్‌రూమ్ అరలో నా ఆనెకాయల మందు పక్కనే పెట్టాను.

మార్చి 23, శుక్రవారం

ఆ ఫోన్ ఎత్తింది నేనే. ఇంకేం రాయలేను.

మార్చి 25, ఆదివారం

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

శుక్రవారం సాయంత్రం బస్సు ప్రమాదం కేసులు వచ్చాయి. బోర్డు మీద లైన్లన్నీ మోగుతున్నాయి. మధ్యలో ఈయన ఫోన్. మెషీన్ వెలుతురు చాలదంటోందే, లైటు వేసే ఉంది మరి, రెండు సీసాల్లో చెవి మందు ఏది, మూతకి గీతలున్నదా, నున్నగా ఉన్నదా అని అడిగారు.

నాకు తెలుసు. బుధ, గురువారాలు చుక్కలు వేసింది నేనే. గీతల మూత నా ఆనెకాయల మందు. నున్నటిది చెవిది. నోటి చివర ఉంది. ఒక్క మాట.

పక్క సీటు ఆవిడ వింటోంది. ఇన్నాళ్ళూ ఆమె ముందు చెప్పుకున్న గొప్పలన్నీ నా గొంతుకి అడ్డం పడ్డాయి. మెషీన్‌ని అడగండి, అంత పోసి కొన్నది ఎందుకు అన్నాను. అని లైను కట్ చేశాను.

లైన్లు బిజీగా ఉన్నాయని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. అబద్ధం. మూత రంగు కాదు కదా ఆయన అడిగింది, నాకు తెలియదనడానికి. నున్నటిదండీ అనడానికి ఎంతసేపు పడుతుంది? నేనన్న మాట దానికంటే పొడుగు.

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి, మిగిలిన కాస్త వెలుగులో సీసా తిప్పారట. మెషీన్ చదివిందట, రోజుకి రెండుసార్లు, మూడు చుక్కలు, పిల్లలకి అందకుండా ఉంచండి అని. డాక్టరు చెప్పిందీ మూడు చుక్కలే. సరే అనుకున్నారు. ముక్కు దిబ్బడ, వాసన తెలియలేదు. పక్కకి తిరిగి పడుకుని, మూడు చుక్కలూ లెక్కగా వేసుకున్నారు. ఆనెకాయ చర్మాన్ని కరిగించే మందు.

మళ్ళీ నాకు చేయలేదు. మంట తట్టుకోలేక వదినకి చేశారు, ఆమె మా ఆసుపత్రికే తీసుకొచ్చింది.

కాజువాల్టీ నర్సు ఫోన్ చేసి, ఎవరో చెవిలో యాసిడ్ లాంటిది పోసుకున్నాడు, చెవి డాక్టరుకి కలపమంది. అయ్యో పాపం అనుకుని కలిపాను. నేనే కలిపాను. ఆ ఎవరో ఈయనని నాకు వదిన వచ్చి చెప్పేదాకా తెలియదు.

బల్బు మాడిపోయిందట. వదిన చూసి చెప్పింది. స్విచ్ వేసే ఉంది, గది చీకటిగా ఉంది. ఎప్పుడు పోయిందో ఎవరికి తెలుసు? వెలుగుతోందనుకుని ఎన్ని సాయంత్రాలు దాని కింద కూర్చున్నామో.

మార్చి 29, గురువారం

కంపెనీకి ఫోన్ చేశాను. పాత ఆయనే. మందుల విషయంలో దీని మీద ఆధారపడకూడదని పుస్తకంలో ఉంది కదా మేడమ్ అన్నాడు. ఏ పుస్తకం అంటే, డబ్బాలో మెషీన్ అడుగున ఉంటుందట. అచ్చు వేసిన పుస్తకం. అది మెషీన్ చేతే చదివించుకోవచ్చట. తిడదామనుకున్నాను. అతని తప్పు ఏముంది, కట్టె విరిచినట్టు చెప్పినా ఉన్నదే చెప్పాడు. వాపసు తీసుకోరట.

ఏప్రిల్ 8, ఆదివారం

ఈయన ఇంటికి వచ్చి వారమైంది. కర్ణభేరి కాలింది, లోపలికి కూడా దిగింది. ఇంకో పది రోజులు ఆగి పరీక్ష చేస్తారట. ఎంతో కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అంటున్నారు. నేను వచ్చే ఎంతో కొంతని పట్టుకుని వేలాడుతున్నాను.

వదిన మెషీన్‌ని తిడుతోంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాళ్ళూ మెషీన్‌నే తిట్టారు. అది బల్ల మీద మెదలకుండా పడి ఉంది. దానికి వెలుతురు చాలదని అది చెప్పింది. చెప్పనిది నేను.

ఇవాళ వదిన తమ్ముణ్ణి నిలదీసింది. అనుమానం వచ్చినప్పుడు ఎవరికైనా ఫోన్ చేసి అడగొచ్చు కదరా, నోట్లో నాలుక లేదా అంది. ఈయన, తోచలేదక్కా అన్నారు.

నేను అక్కడే ఉన్నాను. టీ కప్పులు పట్టుకుని.

అప్పటి నుంచి ఆయనతో మాట పెగలడం లేదు. అన్నం పెట్టానని, స్నానానికి నీళ్ళు పెట్టానని చెబుతాను. అంతకు మించి నోరు తెరిస్తే ఏడుపొస్తుంది. ఇప్పుడు నాకు ఏడవడానికి కూడా మొహం లేదు.

ఏప్రిల్ 19, గురువారం

పరీక్ష. శబ్దం వినబడినప్పుడు బటన్ నొక్కమన్నారు. కుడి చెవికి టకటకా నొక్కారు. ఎడమకి మార్చారు. నేను గది బయట కుర్చీలో ఉన్నాను. బటన్ శబ్దం కోసం విన్నాను. చాలాసేపు విన్నాను.

ఏమీ రాదన్నాడు డాక్టరు. ఇక రాదు.

ఏప్రిల్ 24, మంగళవారం

ఫ్యాక్టరీకి వెళ్ళి వచ్చారు. ఒక్క చెవితో ఏ శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో తెలియడం లేదట. హాల్లో మోటార్లన్నీ ఒకే కుప్పగా వినబడుతున్నాయట. బాగున్నదాన్ని తీసేశారు, చెడ్డదాన్ని పాస్ చేశారు. సూపర్‌వైజర్ మంచివాడు. జీతం తగ్గించకుండా ప్యాకింగ్‌లోకి మార్చాడు.

అట్టపెట్టెలకి టేపు వేయడం. తేలికైన పనేనే, కూర్చుని చేసుకోవచ్చు అన్నారు. ఇవాళ అందరూ నన్ను పేరు పెట్టి పిలిచారు అని కూడా అన్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఏప్రిల్ 28, శనివారం

రేపు చెప్పేస్తాను. ఇంట్లో కుదరడం లేదు. ఫోన్ మాట ఎత్తబోతే రేడియో పెడతారు, లేకపోతే స్నానానికి లేస్తారు. రేపు వదిన ఇంటికి నడిచి వెళ్ళాలి. ఆసుపత్రి అయ్యాక ఇద్దరం కలిసి బయటికి వెళ్ళడం ఇదే మొదటిసారి. ముందు కర్రతో ఆయన, మోచెయ్యి పట్టుకుని నేను. దారిలో ఆయనకి తప్పించుకునే వీలుండదు. నాకూ ఉండదు.

మూత సంగతి నాకు తెలుసని చెప్పాలి. తెలిసీ చెప్పలేదని. ఎవరో వింటున్నారని సిగ్గుపడి చెప్పలేదని. క్షమించమని అడగను, అడిగితే క్షమించేస్తారు. తిట్టమని అడుగుతాను.

ఏప్రిల్ 29, ఆదివారం

చెప్పేశాను. రోడ్డు పొడుగునా ఒక్కటీ దాచకుండా చెప్పాను. ఆయన ఒక్క మాట అనలేదు. మధ్యలో ఏడ్చాను కూడా. బస్సులు పోతున్నాయి, ఎవరూ వినరులే అనుకున్నాను.

వదిన ఇంటి గేటు దగ్గర ఆగి, ఏమే, దారంతా ఒక్క ముక్క మాట్లాడలేదు, ఇంకా నా మీద కోపమేనా, చూసుకోకుండా వేసుకున్నాననా అన్నారు.

అలవాటు కొద్దీ ఆయనకి ఎడమవైపే నడిచాను.

ఏం లేదండీ అన్నాను. అది మాత్రం కుడివైపుకి వచ్చి అన్నాను.