యాభైముగ్గురి తలనొప్పి

సోమవారం

నా తోడబుట్టిన అక్కకు,

శుక్రవారం నాడు వస్తావా, రావా? ఒక్క మాటలో చెప్పు. బస్సులో కుదుపులనీ, కుట్టాల్సిన యూనిఫాంలు గుట్టగా పడి ఉన్నాయనీ సాకులు వెతకొద్దు. పిలిచినా విందుకు రాకుండా సాకులు చెప్పినవాళ్ళ గతి ఏమైందో నీకు ఎన్నిసార్లు చదివి వినిపించాను!

మా వీధి సెల్ టవర్ మీద నగర కార్యాలయంలో పదకొండు గంటలకు విచారణ. ముగ్గురు అధికారులు కూర్చుంటారట. మన ప్రార్థన హాలుకు ఎదురు మేడ మీద, వీధిలో ఒక్క మనిషిని అడక్కుండా నిలబెట్టిన ఆ ఇనుప స్తంభాన్ని దించేదాకా నేను ఊరుకోను. వాళ్ళకు చదువులున్నాయి. నా దగ్గరేముంది అంటావా? ప్రార్థన పుస్తకం ఉంది! ప్రతి ఆదివారం గుమ్మం పక్కన బల్ల మీద పెడతాం కదా, ఎవరి బాధ వాళ్ళు రాసుకునేది. కూర్చుని పేజీ పేజీ తిరగేశాను. టవర్ లేవకముందు రెండు నెలల్లో తలనొప్పి అని రాసినవాళ్ళు నలుగురు. లేచాక రెండు నెలల్లో యాభైముగ్గురు. తాళాలు బాగుచేసుకుంటూ ఆదివారం వాక్యం చెప్పేవాడు ఇంత సాక్ష్యం ఎక్కణ్ణుంచి తెచ్చాడని వాళ్ళు నోరెళ్ళబెట్టాలి.

ఆ యాభైముగ్గురిలో నువ్వూ ఉన్నావు. నీ మరదలి ఆపరేషన్ అప్పుడు మా ఇంట్లో నెల్లాళ్ళు ఉండి, ఆ టవర్ వైపు కిటికీ ఉన్న గదిలో పడుకుని, వెళ్ళేముందు నీ చేత్తోనే రాశావు: "ఎడమ కణత పోటు. లైటు చుట్టూ రంగుల సున్నాలు." మిగిలినవాళ్ళందరిదీ ఉత్త తలనొప్పి. నీది కంటికి కనిపించిన సాక్ష్యం! ఆ సున్నాల సంగతి నీ నోటితో చెప్తే అక్కడ ఎదురు మాట్లాడే మగాడు ఉండడు. ఊరెళ్ళి మూడు వారాలైనా తగ్గలేదేమిటని అనుమానపడకు. పొయ్యి దగ్గర్నుంచి లేవగానే ఒంట్లో వేడి పోతుందా?

నా మాట విని ఫోన్ తీసేశావు, మంచి పని. ఇంకో మాట కూడా విను. అప్పుడే ఆస్పత్రుల చుట్టూ తిరగొద్దు. ఏదో మాత్ర వేసుకున్నాక కాస్త తగ్గిందనుకో, "చూశారా, టవర్ కాదు" అని వాళ్ళే ఎదురు తిరుగుతారు. శుక్రవారం దాకా ఓర్చుకో. కావలివాడు బూర ఊదకుండా నిద్రపోతే ఊరివాళ్ళ ఉసురు వాడికే తగులుతుంది. నేను ఊదుతున్నాను. నువ్వు వచ్చి పక్కన నిలబడు.

జవాబు కోసం చూసే
నీ తమ్ముడు

బుధవారం

ఒరేయ్ మైకూ,

కాగితం మీద కూడా అరుస్తావేంట్రా? నీ ఉత్తరం చదువుతుంటే పక్కింటివాళ్ళకు వినబడుతుందేమోనని తలుపేసుకున్నాను. నీకు ఆ పేరు పెట్టినవాళ్ళ నోట్లో చక్కెర పొయ్యాలి.

వస్తాను. ఎనిమిదింటి బస్సుకి బయల్దేరతాను. కానీ ఒక సంగతి రాస్తున్నాను, మరదలికి చూపించకు, కంగారు పడుతుంది. సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను. మొన్న ఒక చొక్కాకి కుడి చెయ్యి ఎడమవైపు, ఎడమ చెయ్యి కుడివైపు కుట్టేశాను. ఆ పిల్లాడి తల్లి వాడికి తొడిగి చూసి, "మా వాడు వెనక్కి నడుస్తాడని ఎవరన్నా చెప్పారా అత్తా?" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆవిడ వెళ్ళాక మిషను ముందు కూర్చుని ఏడ్చాను. కుడి కన్ను మూసి చూస్తే గొట్టంలోంచి చూసినట్టుందిరా. సూది కనిపిస్తుంది, దాని చుట్టూ మిషను కనిపించదు. నొప్పి ఎక్కువైతే వాంతి అవుతోంది.

వెనక వీధి నర్సు చూసి, "ఇవాళే పెద్దాస్పత్రికి పదండి" అంది. "అది టవర్ వల్ల వచ్చిందమ్మా, శుక్రవారం దాకా ఆగమన్నాడు మా తమ్ముడు" అన్నాను. "మీ తమ్ముడుగారు డాక్టరా?" అంది. "కాదు, తాళాలు బాగుచేస్తాడు" అన్నాను. 

అమ్మ పోయాక నీకు అక్షరాలు దిద్దించింది నేను. ఆ అక్షరాలు కూడబలుక్కుని నువ్వు పరిశుద్ధ గ్రంథమంతా చదివేశావు. నాకు మిషనుతోనే సరిపోయింది. అందుకే నువ్వు ఏది చెప్తే అదే నాకు చదువు. నువ్వు వెళ్ళమనేదాకా ఏ ఆస్పత్రి గడపా తొక్కను. ఒక్కటి చెప్పు చాలు. ఆ టవర్ దించేస్తే నా కన్ను మామూలుగా అవుతుందా?

నీ అక్క

శుక్రవారం, ఉదయం అయిదు గంటలు

అక్కా,

కాదు, అవదు. నువ్వడిగినదానికి జవాబు అదే. టవర్ దించినా నీ కన్ను బాగవదు, ఎందుకంటే టవర్ నీ కంటిని ముట్టుకోలేదు. నేను తప్పు చెప్పాను. ఇంకెవరు చెప్పినా నువ్వు వినవు కనక నా చేత్తో రాసి, మొదటి బస్సుకి నీ మరదలి చేతికిచ్చి పంపుతున్నాను. కళ్ళు సహకరించకపోతే తననే చదవమను.

నిన్న పొద్దున్న టవర్ పని చేసేవాడు మన కొట్టుకొచ్చాడు. "పైన పెట్టె తాళం తుప్పు పట్టి కదలట్లేదండీ, కాస్త తీసిపెడతారా?" అన్నాడు. వెతకబోయిన తీగ కాలికి తగిలిందని పొంగిపోయాను. దాని పొట్టలో ఏముందో కళ్ళారా చూసి విచారణలో చెప్పొచ్చు కదా! పనిముట్ల సంచీ భుజాన వేసుకుని మేడెక్కాను. నూనె పోసి, తట్టి, తాళం ఊడదీశాను. లోపల యంత్రాల మీద ప్లాస్టిక్ తొడుగులు కూడా తీయలేదు. తీగలు చుట్ట చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి.

"ఇదేంటయ్యా?" అన్నాను.

"కరెంటే ఇవ్వలేదు కదండీ ఇంకా. మీ వీధివాళ్ళ అర్జీ వల్ల ఆపేశారు. నిలబెట్టిన రోజు నుంచీ ఇది ఉత్త దిష్టిబొమ్మే. మీకు తెలీదా?"

"ఒక్క రోజు కూడా వెలగలేదా?"

"తాళం చూశారుగా పాస్టరుగారూ! రోజూ తీసేదైతే అంత తుప్పు పడుతుందా?"

తుప్పు వయసు నాకు ఇంకొకడు చెప్పాలా అక్కా? ముప్పై ఏళ్ళుగా అదేగా చూస్తున్నాను. నేనే తీసిన తాళం, నేనే కాదనలేను. 

ఇంటికొచ్చి ప్రార్థన పుస్తకం మళ్ళీ తీశాను. నీ మరదలు పక్కన కూర్చుని, "ఏవండీ, ఈ తేదీలు చూడండి" అంది. టవర్ నిలబెట్టాక మూడు ఆదివారాలు ఒక్క తలనొప్పీ లేదు. నాలుగో ఆదివారం ఒక్కరోజే ముప్పై ఒకటి. "ఆ రోజు మీరు వేదిక మీంచి 'టవర్ వచ్చాక తల పట్టేసినవాళ్ళు లేచి వచ్చి రాయండి' అని పిలిచారు. వరస కట్టారు. తర్వాత ప్రతివారం పిలిచారు, ప్రతివారం రాశారు. మీరు మోకాలినొప్పిని పిలిచి ఉంటే అదీ వచ్చేది" అంది. వాళ్ళు అబద్ధం రాయలేదు. తల నొప్పి లేని మనిషి ఎక్కడుంటాడు? రమ్మన్నది నేను, వచ్చినవాళ్ళను లెక్కపెట్టి సాక్ష్యమన్నదీ నేనే.

సాయంత్రం నీ ఉత్తరం వచ్చింది. చూపించొద్దన్నావు, చూపించాను. కళ్ళజోళ్ళ దుకాణంలో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న మనిషి, చదువుతూ చదువుతూ లేచి నిలబడిపోయింది. "రంగుల సున్నాలని ఈ పుస్తకంలో రాసిందా? మీరు చూసి కూడా నాకు చెప్పలేదా?" అంది. వాళ్ళ నాన్నకు కూడా ఇలాగే మొదలైందట. లైటు చుట్టూ రంగులు, కణత పోటు, వాంతులు. కంట్లో ఒత్తిడి పెరిగిపోతుందట, నీటికాసులంటారు. ఆయన నెలరోజులు ఆగాడు. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్ని మాత్రం వెంటనే మందు పడితే నిలబెట్టొచ్చనీ చెప్పింది. నేను నిన్ను ఆగమన్నాను. నీ బాధను నా వాదానికి పనికొచ్చే సాక్ష్యంగా చూశాను కానీ, నీ కన్నుగా చూడలేదు. గుడ్డివాడు దారి చూపిస్తే వెనకున్నవాడూ గోతిలో పడతాడని ఎన్ని వేదికల మీద గొంతు చించుకున్నానో! ముందు నడుస్తున్న ఆ గుడ్డివాణ్ణి నేనేనని నిన్న తెలిసింది.

నీ దగ్గరికి నేనే పరుగెత్తుకొద్దామనుకున్నాను. నీ మరదలే, "నేను వెళ్తా, మీరు చేసినదాన్ని మీరు సరిదిద్దుకోండి" అంది. పదకొండింటికి ఆ ముగ్గురి ముందు నిలబడి, నా యాభైముగ్గురినీ నేనే వెనక్కి తీసుకుంటాను. తప్పుడు సాక్ష్యం చెప్పొద్దని లోకానికి చెప్పే నోరు ముందు తన సాక్ష్యం కడుక్కోవాలి. తలదించుకుని మాత్రం రాను. ఎవర్నీ అడక్కుండా మా నెత్తిన ఎందుకు పెట్టారో అడుగుతాను. కరెంటు ఇచ్చాక కొలతలు తీయించి, ఆ అంకెలు వీధిలో అందరికీ కనబడేలా గోడకు అంటించమంటాను. అది న్యాయమైన మాట, ఎంత గట్టిగా అయినా అరవొచ్చు. ఆదివారం మన హాల్లో కూడా ఈ తాళం కథంతా చెప్తాను. తలనొప్పి రాసిన ప్రతివాణ్ణీ డాక్టరు దగ్గరికి పంపాకే ప్రార్థన.

నువ్వు నా మాటే వింటానన్నావు కదూ? అయితే విను. ఈ విచారణకు రావద్దు. కుట్టు అక్కడే వదిలెయ్. స్నానమనీ, పక్కింటికి తాళం ఇవ్వాలనీ జాగు చెయ్యకు. రంగుల సున్నాల సంగతి డాక్టరుకు చెప్పు, ఎన్నాళ్ళ నుంచో దాచకుండా చెప్పు. ఆపింది తమ్ముడేనని కూడా చెప్పు. నీ మరదలి చెయ్యి పట్టుకుని పెద్దాస్పత్రికి ఇవాళే, ఈ నిమిషమే బయల్దేరు. లే అక్కా, లే!

నీ తమ్ముడు