భుజం మీద గాటు

అత్తయ్యా,

నేను మాట తప్పలేదు, నమ్ము. నా ప్రదర్శనలో పెట్టిన ఫోటోలో నీ వీపు, భుజాలే ఉన్నాయి. ముఖం లేదు, పేరూ రాయలేదు. ఇన్నేళ్లూ పొడుగు చేతుల జాకెట్ల కింద నువ్వు దాచుకున్న బొల్లి మచ్చలను జనం కదలకుండా నిలబడి చూస్తున్నారు.

నిన్న చెప్పాపెట్టకుండా నాన్న వచ్చాడు. "బట్టల్లేని బొమ్మలు నేను చూడనమ్మా" అని గొణుగుతూనే లోపలికి నడిచి, నీ ఫోటో ముందు ఆగిపోయాడు.

"ఇది మా అక్క కదే!" అన్నాడు.

ఎలా గుర్తుపట్టావని అడిగాను.

"ఆ భుజం మీద గాటు నా వల్లే పడింది. చిన్నప్పుడు నన్నెత్తుకుని మెట్ల మీంచి జారిపడింది. మరి ఈ మచ్చలేంటి? ఎప్పటినుంచి?"

ఇక దాచలేక చెప్పేశాను. తను బాధపడతాడనే నువ్వు చెప్పలేదని కూడా అన్నాను.

"ఊరందరికీ చూపిస్తుంది గానీ తమ్ముడికి చెప్పదా? నాకు కోపం వచ్చిందని రాయి" అన్నాడు.

రాశాను. ఫోటో దించేయమంటే దించేస్తాను. ఆదివారం నాన్న నీ దగ్గరికి వస్తున్నాడు. తిడితే తిట్టించుకో, తలుపు మాత్రం వేసుకోకు. ఆయన కోపం ఎంతటిదో నేను చూశాను. నిన్న బస్సులో ఇల్లు చేరేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.

నీ మేనకోడలు